ఏ దేశపువాడు? – అదోనీరాము జడ్సను జీవితకథ

బర్మా భాషలో కలా అను మాట యొకటి కలదు. పడమటినుండి సముద్రము దాటి వచ్చిన పరదేశి యని దాని యర్థము. బ్రతుకుతెరువుకై రంగూను రేవునకు వలసపోయి అక్కడ బస్తాలు మోసిన మన తెలుగువారు బర్మావారి దృష్టిలో కలాలే. వారిలో మునుపటివారు కోరంగి రేవున ఓడలెక్కినందున కోరంగీలను పేరు కూడ వారికి నిలిచిపోయెను. విశాఖపట్టణమునుండి వచ్చినవాడును కోరంగియే, గంజామునుండి వచ్చినవాడును కోరంగియే. తెల్లవారు వచ్చినప్పుడు బర్మావారు వారికొరకు క్రొత్త మాట వెదకలేదు, తెల్ల కలాలనిరి. ఆ తెల్లవారిలో ఆంగ్లేయుడెవడో, అమెరికావాడెవడో విడదీసి చూడవలసిన యవసరము వారికి కలుగలేదు. ఇందుకు వారిని తప్పుపట్టుటకు మనకేమి యధికారమున్నది? మన పల్లెలలోను కలెక్టరు దొరయే, మిషనువారును దొరలే. వారు వేరువేరు దేశములవారని అడిగి తెలిసికొన్నవారు కొద్దిమంది.

ఈ భేదము ఎవరికిని పట్టకపోవుటచేతనే ఒక మనుష్యుడు పదునేడు నెలలు కాళ్ళకు సంకెళ్ళతో గడపవలసి వచ్చెను. ఆయన అదోనీరాము జడ్సను. బర్మా భాషలోనికి పరిశుద్ధ గ్రంథమంతయు అనువదించినవాడుగా మన సంఘములలో ఆయన పేరు విననివారు తక్కువ. అయితే ఆయన ఏ దేశపువాడన్న ప్రశ్న యౌవనము మొదలు మరణము వరకు ఆయనను వెంబడించిన సంగతి అంతగా చెప్పబడలేదు.

జడ్సను 1788వ సంవత్సరము ఆగష్టు 9వ తేదీన అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమందలి మాల్డెను అను ఊరిలో జన్మించెను. తండ్రి సంఘకాపరి. బాలుడు మిక్కిలి తెలివిగలవాడు. 1807లో బ్రౌను విశ్వవిద్యాలయమున తన తరగతిలో మొదటివాడుగా పట్టము పొందెను. అక్కడ ఒక స్నేహితుని ప్రభావమున విశ్వాసమును విడిచిపెట్టెను. తరువాత ఒక రాత్రి ప్రయాణీకుల సత్రములో, ప్రక్క గదిలో ఒకడు మరణవేదన పడుచుండుట వినెను. తెల్లవారి విచారింపగా చనిపోయినవాడు ఆ స్నేహితుడే. ఈ సంగతి పలుమారులు చెప్పబడినదే గనుక ఇక్కడ విస్తరింప నక్కరలేదు. ఆండోవరు వేదాంత పాఠశాలలో చేరిన పిమ్మట, 1810లో, ఆయనయు తోటి విద్యార్థులును విదేశములకు సువార్తికులుగా పోవ సిద్ధముగా నున్నామని పెద్దలకు విన్నవించుకొనిరి. ఆ విన్నపమునుండియే అమెరికాలో విదేశ సువార్తపని కొరకు ఒక సంఘము పుట్టెను. డబ్బు మాత్రము లేదు. లండను మిషనరీ సంఘమువారు తోడ్పడుదురేమో కనుగొనుటకు 1811 జనవరిలో జడ్సనును ఇంగ్లాండుకు పంపిరి.

ఆయన ఎక్కినది ఇంగ్లీషు ఓడ. అప్పుడు ఇంగ్లాండునకును నెపోలియను ఏలుచున్న ఫ్రాన్సునకును యుద్ధము జరుగుచుండెను. నడిసముద్రమున ఫ్రెంచివారి ఓడ యొకటి దానిని పట్టుకొనెను. ఇంగ్లీషు ఓడలో ఇంగ్లీషు మాటలాడు యువకుడు మరి ఎవడగును? నావికులతో పాటు ఆయనను ఓడ అడుగున పడవేసిరి. ఆ చీకటిలో రోగియై, తన హెబ్రీ బైబిలులోని మాటలను మనస్సులో లాటినులోనికి మార్చుకొనుచు ప్రొద్దుపుచ్చుచుండగా, ఓడ వైద్యుడు ఆ గ్రంథమును చూచి లాటినులో పలుకరించెను. అప్పుడు గాని ఆయన ఎవరో వారికి తెలియలేదు. పైన మంచి స్థలమిచ్చిరి. అయినను బయోను పట్టణమున దిగగానే తక్కిన ఖైదీలతో కలిపి వీధులవెంట చెరసాలకు నడిపించిరి. జడ్సను దారిపొడవున ఈ అన్యాయమును గూర్చి ఇంగ్లీషులో బిగ్గరగా కేకలు వేయుచు పోయెను. ఆ భాష తెలిసినవాడొక్కడైన వినడా యని ఆయన ఆశ. గుంపులో ఒక అమెరికావాడు వినెను. గొంతు తగ్గించుమని హెచ్చరించి, ఆ రాత్రి పెద్ద పైవస్త్రము ధరించి చెరసాలకు వచ్చి, కావలివారి చేతిలో డబ్బుపెట్టి, జడ్సనును ఆ వస్త్రము మాటున దాచి బయటికి తెచ్చెను. ఏ భాషవలన ఖైదీ యయ్యెనో ఆ భాషవలననే ఆయన విడుదల పొందెను.

లండనువారితో ఏర్పాటు కుదరలేదు. తమ దేశపు సంఘమువారే పంపుటకు తెగించిరి. 1812 ఫిబ్రవరి 5న ఆన్ హాసెల్టైన్ అను యువతిని వివాహమాడి, అదే నెల 19న జడ్సను సేలము రేవునుండి హిందూదేశమునకు బయలుదేరెను. ఆ ఓడ కలకత్తా చేరిన వారమందే అమెరికా ఇంగ్లాండుపై యుద్ధము ప్రకటించెను. ఆ వార్త సముద్రములు దాటి వచ్చుటకు నెలలు పట్టినది. కాని ఈస్టిండియా కంపెనీవారికి యుద్ధవార్త అక్కరలేకయే పోయెను. 1806లో వెల్లూరు సిపాయిల తిరుగుబాటు జరిగినది మొదలు మిషనరీలనిన వారికి అనుమానమే. స్వయముగా ఇంగ్లీషువాడైన కేరీయే తనవారి కంపెనీకి వెరచి డేనులదైన శ్రీరామపురమున నీడ వెదకుకొనవలసి వచ్చెను. 1808లో ఆ శ్రీరామపురమును ఇంగ్లీషువారు పట్టుకొనినందున ఆ నీడయు లేకపోయెను. ఇంగ్లీషు మిషనరీలనే ఓర్వలేనివారు అమెరికా మిషనరీల నెట్లు ఓర్తురు? వెంటనే తిరిగి పోవలెనని ఆజ్ఞ వచ్చెను.

ఓడలో చేసిన గ్రంథపరిశోధనవలన జడ్సను దంపతుల మనస్సు మారి, సెప్టెంబరు 6న కలకత్తాలో బాప్తిస్మము పొందిరి. తమ్మును పంపిన సంఘముతో సంబంధము అంతటితో తీరినది. అనగా ఆ దినములలో వారు పరదేశములో నుండిన పరదేశులే కాక, ఇంటివద్ద అడుగువారును లేనివారైరి. వారిని ఇంగ్లాండుకు పంపివేయుటకు కంపెనీ ఓడలో పేర్లు కూడ ఎక్కించిరి. వారు రహస్యముగా మారిషసు ద్వీపమునకు పోవు ఓడ ఎక్కిరి. హుగ్లీ నదిలో రెండు దినములు సాగిన పిమ్మట దానిని నిలిపివేయు ఉత్తరువు వచ్చి దిగిపోవలసి వచ్చెను. నదియొడ్డున సత్రములో దిక్కుతోచక యుండగా అనుమతిపత్రము చేతికందెను. పంపినదెవరో వారికి తెలియనేలేదు. పడవలో దిగువకు పోగా సాగరు వద్ద ఆ ఓడ ఇంకను లంగరు వేసియుండెను. 1813 జనవరిలో మారిషసు చేరిరి. ఆ ద్వీపమును ఇంగ్లీషువారు ఫ్రెంచివారినుండి 1810లోనే గెలుచుకొనియుండిరి. ఈ అమెరికా మిషనరీలను కనిపెట్టుచుండవలెనని కలకత్తానుండి అక్కడి గవర్నరునకు ముందే లేఖ చేరియుండెను. జూను 4న చెన్నపట్టణము వచ్చిరి. వచ్చిన సంగతి పోలీసులకు తెలిసెను. మరల పట్టి ఇంగ్లాండుకు పంపుదురన్నది నిశ్చయము. అంతకుముందే రేవు విడిచిపోవు ఓడ ఒక్కటే దొరికెను. అది రంగూనుకు పోవునది. బర్మా రాజ్యమనిన ఆ కాలపు తెల్లవారు హడలిపోవుచుండిరి. జడ్సను బర్మాను ఏరుకొనెనని చెప్పుకొనుటకంటె, ఇంగ్లీషు జెండా లేని రేవు అది ఒక్కటే మిగిలెనని చెప్పుట నిజమునకు దగ్గర. దారిలో ఓడమీదనే ఆన్ ప్రసవించెను. బిడ్డ బ్రతికి పుట్టలేదు. 1813 జులై 13న రంగూను చేరిరి.

అక్కడి తొలి సంవత్సరములన్నియు భాష నేర్చుటలోనే గడచెను. అమెరికా బాప్టిస్టులు వారి పోషణభారము వహించిరి. 1819లో జడ్సను రంగూనులో బాటప్రక్కన జయత్ అనబడు చావడి కట్టుకొని, బర్మా గురువులవలె అందులో కూర్చుండి వచ్చిపోవువారితో మాటలాడెను. ఆ సంవత్సరము జూను 27న మొదటి విశ్వాసి మౌంగ్ నా బాప్తిస్మము పొందెను. వచ్చి ఆరేండ్లు గడచినవి. 1820లో జడ్సనును సహవాసి కోల్మనును రాజైన బాగ్యిదాను దర్శించి, తన ప్రజలు నిర్భయముగా వినునట్లు సెలవిమ్మని వేడుకొనిరి. రాజు సమ్మతింపలేదు. (ఈ కోల్మను 1822లో మరణింపగా ఆయన విధవరాలు ఒరిస్సాలో పనిచేయు ఎమాస్ సట్టనును వివాహమాడెను. ఆ సట్టను 1835లో అమెరికా బాప్టిస్టుల యెదుట తెలుగువారి సంగతి మనవి చేయగా, 1836లో సామ్యూలు డే మన దేశమునకు వచ్చెను. బర్మా సువార్తపనికిని మనకును ఈపాటి చుట్టరికము కలదు.)

1824 ఆరంభమున జడ్సను దంపతులు రాజధానియైన ఆవాకు పోయి కాపురముండిరి. వైద్యము తెలిసిన మిషనరీ ప్రైసు అప్పటికే అక్కడ నుండెను. మార్చిలో ఇంగ్లీషువారు బర్మాపై యుద్ధము ప్రకటించిరి. మే నెలలో రంగూను వారి చేతిలో పడెను. ఆవాలోని కొద్దిమంది పరదేశులకు యుద్ధముతో నిమిత్తము లేదనియు, వారి జోలికి పోవలదనియు మొదట రాజే పలికెను. ఆ మాట నిలువలేదు. వర్తకుడైన గౌజరు ఇంగ్లీషువాడు గనుక ముందుగా పట్టుబడెను. ఆయన లెక్కల పుస్తకములు విప్పిచూడగా జడ్సనునకును ప్రైసునకును పెద్ద మొత్తములు ఇచ్చినట్లు వ్రాసియుండెను.

దాని మర్మము ఇంతమాత్రమే. అమెరికానుండి జీతపు డబ్బు బెంగాలుకు చేరును. ఆవావరకు వెండి మోసికొని వచ్చు మార్గము లేదు. కాబట్టి జడ్సను కలకత్తాలో చెల్లునట్లు చీటి వ్రాసి గౌజరునకిచ్చి, ఆయనవద్ద అంత సొమ్ము పుచ్చుకొనును. మన వర్తకుల హుండీ వ్యవహారమే యిది. బర్మా కొలువులోనివారికి అది బోధపడలేదు. వారికి కనబడినదేమి? ఇంగ్లీషువాడు డబ్బిచ్చుచున్నాడు, మరియొక తెల్లవాడు, ఇంగ్లీషే మాటలాడువాడు, బర్మా భాష నేర్చి జనులతో కలిసిమెలిసి తిరుగువాడు, పుచ్చుకొనుచున్నాడు. వేగులవాడని వారు తలంచుట వింత కాదు. యుద్ధసమయమున ఏ రాజ్యమైనను అట్లే తలంచియుండును. జూను 8న భోజనవేళ అధికారి యొకడు, ముఖమున పచ్చబొట్ల మచ్చలుగల తలారితో ఇంట ప్రవేశించి, జడ్సనును నేలపై పడద్రోసి త్రాళ్ళతో కట్టి ఈడ్చుకొని పోయెను.

ఆ చెరసాలకు లెట్‌మాయూను అని పేరు. చేయి వెనుదీయనిది అని యర్థము. ఖైదీలకు మూడు జతల సంకెళ్ళు. రాత్రివేళ వారి కాళ్ళనడుమ పొడవాటి వెదురు దూర్చి, భుజములు మాత్రమే నేలకు ఆనునంతగా దానిని పైకెత్తుదురు. అందులో గౌజరు ఉండెను, స్కాట్లండువాడైన ఓడ నాయకుడు లయర్డు ఉండెను, ఒక ఆర్మేనియావాడును, ఒక గ్రీకువాడును ఉండిరి. బర్మావారి కన్నులకు అందరును ఒక్క జాతి.

ఆన్ బయట నుండెను. ఆమె మొదట చేసిన ప్రయత్నము ఈ భేదమును వివరించుటయే. తాము అమెరికావారమనియు, మతబోధకులమనియు, ఇంగ్లీషు రాజుతో తమకు సంబంధము లేదనియు రాణి వదినెగారి కాళ్ళయొద్ద మొరపెట్టెను. వారిని చంపబోరు, ఉన్నట్లే ఉండనిమ్మని రాణివద్దనుండి జవాబు వచ్చెను. దినదినమును రెండు మైళ్ళు నడచి చెరసాల గుమ్మమువద్దకు పోయి, నగరపు ఉత్తరద్వారపు అధికారియైన వృద్ధుని బ్రతిమాలుచు, కానుకలిచ్చుచు, అన్నము లోపలికి పంపుచు వచ్చెను. తెల్ల ఖైదీలను రహస్యముగా చంపుమని రాణి సోదరుడు మూడుసార్లు తనకు ఆజ్ఞాపించెనని ఆ వృద్ధుడు ఆమెతో ఒప్పుకొనెను. ఆయన వారిని చంపలేదు. క్రొత్తనిబంధన వ్రాతప్రతిని ఆన్ మొదట ఇంటిక్రింద పాతిపెట్టెను. వానకు పాడగునని భయపడి, ఎవరును కోరనంత గట్టి తలగడగా కుట్టి భర్తకు పంపెను. 1825 జనవరి 26న కుమార్తె మరియ పుట్టెను. మార్చిలో సంకెళ్ళు అయిదు జతలాయెను.

మే 2న ఖైదీలను హఠాత్తుగా ఔంగ్‌పెన్‌లా అను పల్లెకు తరలించిరి. చెప్పులు లేవు, మధ్యాహ్నపు ఎండకు ఇసుక నిప్పువలె కాలుచుండెను. కొంతదూరములోనే జడ్సను పాదముల చర్మము ఊడిపోయెను. గౌజరుయొక్క బెంగాలీ సేవకుడు తన తలపాగాను చింపి సగము యజమానునకును సగము జడ్సనునకును పాదములకు చుట్టనిచ్చెను. తన భుజము ఆనికగా ఇచ్చి మిగిలిన దారియంతయు జడ్సనును నడిపించెను. గ్రీకువాడు ఆ ప్రయాణములోనే చనిపోయెను. ఆన్ మూడునెలల బిడ్డతో వెంబడించి, ఆ పల్లెలో ధాన్యము నిలువచేయు గదిలో ఆరు నెలలు గడపెను. ఆమె వ్యాధితో మంచము పట్టినప్పుడు బెంగాలీ వంటవాడొకడు కులమును మరచి, జీతమును మరచి, తన తిండిని సయితము మరచి ఆ కుటుంబమునకు పరిచర్య చేసెను. పాలులేక ఏడ్చు బిడ్డను జడ్సను సంకెళ్ళతోనే ఎత్తుకొని, పసిబిడ్డలుగల పల్లె తల్లులవద్ద పాలు అడుగుకొనుటకు సెలవు పొందెను. ఆ బర్మా తల్లులు పాలిచ్చిరి. ఈ బెంగాలీలిద్దరి పేర్లును, ఆ తల్లుల పేర్లును చరిత్రలో నిలువలేదు. తలగడ సంగతి యేమనగా, ఖైదీల వస్తువులను దోచుకొనినవారు దానిపై గుడ్డను ఊడదీసికొని దూదిని పారవేయగా, విశ్వాసియైన మౌంగ్ ఇంగ్ దానిని జ్ఞాపకార్థము ఇంటికి తీసికొనిపోయెను. వ్రాతప్రతి అందులోనే చెక్కుచెదరక యుండెను.

బర్మా సేనలు ఓడుచుండెను. సంధి మాటలాడుటకు ఇరుభాషలును ఎరిగినవాడు కావలసి వచ్చెను. 1825 నవంబరులో జడ్సనును చెరనుండి తీసి, దుబాసిగా సేనవద్దకు పంపిరి. ఇంగ్లీషువాడని కట్టినవారే ఇప్పుడు ఇంగ్లీషువాడు కాడని నమ్మవలసి వచ్చినది; నమ్మదగినవాడు మరియొకడు వారికి లేడు. అంతటితో విచిత్రము తీరలేదు. ఇంగ్లీషు సేనాపతి క్యాంబెలు ఖైదీలనందరిని అప్పగించుమని కోరినప్పుడు, జడ్సను దంపతులు ఇంగ్లీషువారు కారనియు, తన ప్రజలనియు, వారిని పంపననియు రాజు జవాబిచ్చినట్లు ఆన్ తన లేఖలో తెలిపెను. ఇరువది నెలలు ఆమె మొరపెట్టిన మాట అదియే. ఇప్పుడు రాజు ఒప్పుకొనెను. ఒప్పుకొనినది వారిని ఉంచుకొనుటకు.

తుదకు వారిని విడువక తప్పలేదు. 1826 ఫిబ్రవరి 24న యాండబూలో సంధి జరిగెను. బర్మావారు అరకాను, తెనాసెరిం ప్రాంతములతో పాటు కోటి రూపాయలు ఇచ్చుకొనిరి. సేనాపతి విందులో ఆన్‌ను తన ప్రక్కన కూర్చుండబెట్టుకొనెను. బర్మా ప్రతినిధులలో ఒకడు ఆమెను చూచి చెమటలు పట్టి వణికిపోయెను. జడ్సను జ్వరముతో అయిదు జతల సంకెళ్ళలో నుండినప్పుడు ఆమె ఎండలో చాలదూరము నడచి ఆ మనుష్యుని ఇంటికి పోయియుండెను. అతడు మనవి త్రోసివేసి, ఆమె పట్టు గొడుగును లాగుకొని, కనీసము కాగితపు గొడుగైన ఇమ్మనగా, బక్కపలుచనివారికి ఎండదెబ్బ తగులదని పరిహసించెను. ఆన్ ఆ పూట అతనివైపు వంగి, భయపడవలదని బర్మా భాషలో మెల్లగా చెప్పెను.

ఇక్కడనుండి జడ్సను చరిత్రలో ఆలోచింపవలసిన భాగము వచ్చును. మతస్వేచ్ఛకై ఒడంబడికలో ఒక వాక్యమైన చేర్చవచ్చునను ఆశతో, ఆయన అదే సంవత్సరము ఇంగ్లీషువారి రాయబారి క్రాఫర్డుతో ఆవాకు పోయెను. ఏ కొలువు ఆయనను ఇంగ్లీషువారి మనిషియని అనుమానించినదో ఆ కొలువునకే ఇంగ్లీషువారి మనిషిగా పోయెను. మొదట అబద్ధమైన అనుమానము ఇప్పుడు సగము నిజమయ్యెను. ఆ వాక్యము ఒడంబడికలో చేరనేలేదు. ఆయన ఆవాలో నుండగానే ఆన్ ఆంహర్స్టులో అక్టోబరు 24న మరణించెను. లేఖ తెచ్చినవాడు మరణించినది బిడ్డయని చెప్పెను. నల్లముద్ర విప్పి చదువగా పోయినది భార్య. ఆరునెలలకు బిడ్డయు పోయెను.

ఆ తరువాత ఆయన నివాసము ఇంగ్లీషు పాలనలోని మౌల్మీనులో. అక్కడ సంకెళ్ళు లేవు, అనువాదము సాగెను, సంఘము పెరిగెను. అయితే నది ఆవలి బర్మావారికి ఆయన ఇంగ్లీషు జెండా క్రింద కాపురమున్నవాడు. 1830లో ప్రోము నగరమునకు పోయి బోధింపగా జనులు మొదట ఆదరముతో వినిరి. కొన్ని వారములలో ముఖములు మారిపోయెను. ఆయన వేగులవాడని వదంతి లేచెను. రాజునకు కోపము వచ్చినదని తెలిసి ఆయన వెనుకకు మరలెను. సువార్తతో పాటు ఇతరుల తుపాకుల నీడ కూడ వచ్చుచుండగా వినువానికి రెంటిని విడదీసి చూపుట ఎట్లు? జడ్సను దీనికి మార్గము కనుగొనలేదు. చేయగలిగినది ఆ భాషలో గ్రంథమును ఉంచుట. 1834 జనవరి 31న బైబిలు అనువాదము ముగించి, సవరించిన ప్రతిని 1840లో అచ్చువేయించెను.

1834లో సారా బోర్డుమనును వివాహమాడెను. ఆమె ఆరోగ్యమునకై 1845లో అమెరికాకు బయలుదేరగా, ఆమె దారిలో సెంటు హెలీనా ద్వీపమున మరణించెను. ముప్పదిమూడేండ్లకు జడ్సను స్వదేశమున కాలు మోపెను. జనులు తండోపతండములుగా వచ్చిరి. గొంతు పాడైనందున ఆయన మెల్లగా పలుకుచుండగా ప్రక్కన మరియొకడు సభకు బిగ్గరగా చెప్పవలసి వచ్చెను. అంతకంటె మించి, ఇంగ్లీషులో ఉపన్యసించుట ఆయనకు కష్టమయ్యెను. ఆలోచన బర్మా భాషలోనే వచ్చుచుండెను. చెరసాల వింతలు వినవచ్చినవారికి ఆయన క్రీస్తును గూర్చి మాత్రమే చెప్పగా కొందరు నిరాశతో మరలిపోయిరి. తన దేశములోను ఆయన దూరదేశపు మనిషిగానే చూడబడెను. 1846లో ఎమిలీ చుబ్బక్కును వివాహమాడి ఆ సంవత్సరమే మౌల్మీనుకు తిరిగిపోయెను.

1847లో మరల రంగూను వెళ్ళి బర్మా ప్రభుత్వము క్రింద కాపురముండి చూచెను. అధికారులు ఉండుటకు సెలవిచ్చిరి. అయితే ఆ ఊరిలోని పరదేశులకు బోధకుడుగా మాత్రమే. ముప్పదినాలుగేండ్ల క్రితము దిగిన రేవులోనే ఆయన ఇంకను తెల్ల కలాయే. విశ్వాసులు రహస్యముగా వచ్చిపోవుచుండిరి, అదియు కనిపెట్టబడెను. కొద్దినెలలకే మౌల్మీను చేరి నిఘంటువు పనిలో మునిగెను.

1850లో వ్యాధి ముదిరెను. సముద్రపు గాలి మేలుచేయునేమోయని వైద్యులు చెప్పగా, ఏప్రిలు నెల ఆరంభమున ఆయనను మంచముతో సహా ఓడ ఎక్కించిరి. గర్భవతియైన భార్య ఇంటనే నిలిచిపోయెను. తోడుగా మిషను ముద్రాపకుడును, ఒక సేవకుడును వెళ్ళిరి. ఆ ఓడ ఫ్రెంచివారిది, పేరు అరిస్టీడ్ మారీ. ఏప్రిలు 12వ తేదీ సాయంకాలము, అండమాను దీవుల సమీపమున, ఆయన ప్రాణము విడిచెను. మందసము మునుగునట్లు ఓడ వడ్రంగివాడు బలమైన పలకలతో దానిని చేసెను, అందులో ఇసుక నింపిరి. రాత్రి ఎనిమిది గంటలకు ఫ్రెంచి నావికులు మౌనముగా గుమికూడిరి. ప్రార్థన చేయబడలేదు. నాయకుడు సెలవియ్యగా ఎడమప్రక్క తలుపునుండి మందసమును సముద్రములోనికి విడిచిరి. మౌల్మీనులో ఎమిలీకి ఈ వార్త ఆగష్టు నెలకు గాని చేరలేదు.